క్వార్టరా, ఫుల్లా, బీరా? బ్రాందీ షాపుకి పోకముందే తేల్చుకోండి

నెల్లూరైనా, ఒంగోలైనా, కావలైనా సాయంత్రం ఏడు దాటితే బ్రాందీ షాపు కౌంటర్ దగ్గర ఆలోచించుకునే తీరిక ఎవరికీ దొరకదు. ఇనపజాలీ సందులో చెయ్యి పెట్టి నిలబడితే వెనకవాళ్ళ మోచేతులు వీపుకి తగులుతుంటాయి. "ఏందన్నా, తొందరగా చెప్పు" అంటాడు కుర్రాడు. నోటికొచ్చిన పేరేదో చెప్పేస్తాం, లేదంటే పక్కాయన అడిగిందే మనమూ అడుగుతాం. ఇంటికొచ్చాక గానీ తెలీదు, నలుగురికి క్వార్టర్లు కొనడం దండగనీ, ఒక్కడికి ఫుల్లు కొనడం అంతకన్నా దండగనీ.

2019 అక్టోబరు నుంచి అయిదేళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో షాపులన్నీ ప్రభుత్వమే నడిపింది. ఉన్నది తీసుకోవడమే తప్ప ఎంచుకునేదేముందని జనం గొణుక్కున్న కాలమది. 2024 అక్టోబరు 16న కొత్త విధానం మొదలై, లాటరీలో వచ్చిన 3,396 ప్రైవేటు షాపులు రాష్ట్రమంతటా తెరుచుకున్నాయి. పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటిదాకా అమ్ముతారు. అలమరలో పేర్లు పెరిగాయి, వాటితోపాటు అయోమయమూ పెరిగింది. ఆ అయోమయంలో ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మన రాష్ట్రంలో అమ్మకూడదు, వాళ్ళు కొనకూడదు. మందు అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టక్కర్లేదు. ఇంత తాగితే ఏమీ కాదు అనే హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

## ముందు దేన్ని చూడాలి

చాలామంది బ్రాండు పేరుతో మొదలుపెడతారు. నన్నడిగితే దాన్ని అన్నిటికన్నా చివర చూడాలి.

మొదట చూడాల్సింది సీసాలో అసలు ఆల్కహాల్ ఎంతుందని. లేబుల్ మీద శాతం అచ్చేసి ఉంటుంది. మిల్లీలీటర్లని ఆ శాతంతో గుణించి వందతో భాగిస్తే ఆల్కహాల్ ఎన్ని మిల్లీలీటర్లో తెలుస్తుంది. దాన్ని 0.789తో గుణిస్తే గ్రాములు. ఫోన్‌లో అరనిమిషం పని. రెండోది సరుకు అసలుదా, కాదా. మూడోది మన ఎండ. మే నెలలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గోదాము రేకుల కింద సీసాలు ఎంత కాగుతాయో వేరే చెప్పాలా! బీరుకీ వైనుకీ ఆ వేడే శత్రువు, బ్రాందీకి అంతగా పట్టదు. నాలుగోది తాగాక ఇంటికి చేరేదెట్లా, మర్నాడు పొద్దున పనేంటి అని. డబ్బు సంగతి అందరూ ఎలాగూ చూసుకుంటారు. కాకపోతే సీసా ధరలు పోల్చుకుంటారు తప్ప సీసాలో ఉన్నదాని ధర పోల్చరు.

కౌంటర్‌లో మామూలుగా దొరికే సైజుల లెక్క ఇది. శాతాలు సాధారణంగా ఉండేవి రాశాను. మీ సీసా మీద వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి.

| ఏది | ఎంత | శాతం | ఆల్కహాల్ సుమారు |
|---|---|---|---|
| మామూలు బీరు | 650 మి.లీ. | 5 | 26 గ్రాములు |
| స్ట్రాంగ్ బీరు | 650 మి.లీ. | 8 వరకు | 41 గ్రాములు |
| బ్రాందీ, విస్కీ, రమ్: నిప్ (చిన్న సీసా) | 90 మి.లీ. | 42.8 | 30 గ్రాములు |
| అవే, క్వార్టర్ | 180 మి.లీ. | 42.8 | 61 గ్రాములు |
| అవే, ఫుల్లు | 750 మి.లీ. | 42.8 | 253 గ్రాములు |
| వైన్, ఒక గ్లాసు | 150 మి.లీ. | 12.5 | 15 గ్రాములు |
| వైన్, నిండు సీసా | 750 మి.లీ. | 12.5 | 74 గ్రాములు |
| బ్రీజర్ లాంటివి | 275 మి.లీ. | 4.8 | 10 గ్రాములు |

మన కాలేయం గంటకి ఏడు నుంచి పది గ్రాముల ఆల్కహాల్‌ని మాత్రమే ఖర్చు చేయగలదు. నిమ్మరసం తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, పెరుగన్నం తిన్నా దాని వేగం పెరగదు. రాత్రి పదిన్నరకి క్వార్టర్ ముగించినవాడి ఒంట్లో తెల్లారి అయిదింటికి కూడా ఎంతో కొంత మిగిలి ఉండొచ్చు. తెల్లవారుజామున కారేసుకుని తిరుపతి బయల్దేరేవాళ్ళు ఈ లెక్క రాత్రే వేసుకోవాలి.

## బీరు: తేలికదని అనుకునేది

"బీరే కదా" అనే మాట మన దగ్గర ఎక్కువ. మామూలు బీరుకి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. స్ట్రాంగ్ బీరుకి చెల్లదు. పైన పట్టికలో చూడండి, రెండు స్ట్రాంగ్ బీర్లంటే 82 గ్రాములు, క్వార్టర్ కన్నా బాగా ఎక్కువ. పైగా చల్లగా ఉంటుంది, దాహం మీద గటగటా తాగేస్తాం. క్వార్టర్ తాగేవాడికి తాను మందు తాగుతున్నాననే ఎరుకైనా ఉంటుంది.

రెండింటికీ ధరలో పెద్ద తేడా ఉండదు కాబట్టి అదే డబ్బుకి కిక్కు ఎక్కువని స్ట్రాంగే అడుగుతారు. షాపులవాళ్ళూ ఎక్కువగా అదే తెప్పిస్తారు. మామూలుది కావాలంటే నోరు తెరిచి "లాగర్ ఇవ్వన్నా, స్ట్రాంగ్ వద్దు" అని చెప్పాలి. చెప్పకపోతే మీ చేతికి వచ్చేది స్ట్రాంగే. సీసా అందుకోగానే శాతం చూసుకోండి. ఒకే కంపెనీవి రెండు రకాలూ ఇంచుమించు ఒకే లేబుల్‌తో వస్తాయి.

ఎండ విషయం కాస్త వివరంగా చెప్పాలి. బీరుని పాడుచేసేవి వెలుతురు, రోజుల తరబడి తగిలే వేడి. ముదురు గోధుమరంగు సీసా వెలుతురుని చాలావరకు ఆపుతుంది, పచ్చసీసా అంతగా ఆపదు, తెల్లసీసా అసలు ఆపదు. షాపు ముందు ఎండలో పేర్చిన కేసుల్లో పచ్చసీసాలో తెల్లసీసాలో ఉంటే వాటి జోలికి పోకండి. మూత తీయగానే ఒక రకం కంపు కొడుతుందే, అది ఆ ఎండ చేసిన పనే. టిన్నుకి వెలుతురు బెడద లేదు. ఒకసారి చల్లబడిన బీరు వేడెక్కి మళ్ళీ ఫ్రిజ్‌లోకి పోతే పాడైపోతుందని ఒక నమ్మకం ఉంది. అంత తేలిగ్గా పాడవదు. దానికి బదులు తయారైన తేదీ చూడండి. రెండు మూడు నెలల లోపుదైతే మేలు, ఆరో నెలకి దగ్గరపడిందైతే పక్కనబెట్టి ఇంకోటి అడగండి. వేసవిలో కూలింగ్ అయిపోయిందంటూ వెచ్చటి సీసా చేతిలో పెడతారు. ఇంటికి తీసుకుపోయేదైతే వెచ్చటిదే నయం. ఐసునీళ్ళలో గుప్పెడు ఉప్పేసి ముంచితే అరగంట లోపే చల్లబడుతుంది.

## బ్రాందీ, విస్కీ, రమ్: వాదన ఎక్కువ, తేడా తక్కువ

ఈ జిల్లాల్లో బ్రాందీ తాగేవాళ్ళది ఒక పక్షం, విస్కీ తాగేవాళ్ళది మరో పక్షం. బ్రాందీ జలుబుకి మంచిదనీ, విస్కీ వేడి చేస్తుందనీ, రమ్ము చలికాలానికేననీ ఎవరి సిద్ధాంతం వాళ్ళది. జలుబుకి బ్రాందీ మందేం కాదు. ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపించేది చర్మంలో రక్తనాళాలు విప్పారడం వల్ల. నిజానికి ఆ సమయంలో లోపలి వేడి బయటికి పోతుంటుంది.

క్వార్టర్ ధరల్లో చవక తరగతిది ఏది తీసుకున్నా అసలు సరుకు ఒకటే: బెల్లపుమడ్డి నుంచో ధాన్యం నుంచో తీసిన, రుచీ వాసనా లేని న్యూట్రల్ స్పిరిట్. దానికి రంగు కోసం కారమెల్, వాసన కోసం తలా ఒక ఎసెన్సు. పైతరగతిలో కొంత మాల్టో (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన స్పిరిట్), కొంత ద్రాక్ష స్పిరిటో కలుపుతారు. లేబుల్ మీద పదార్థాల జాబితా సన్నటి అక్షరాల్లో ఉంటుంది, చత్వారం వచ్చినవాళ్ళు ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవచ్చు. రెండు చవక సీసాల్లో ఏది మంచిదని గంటసేపు వాదించుకునే బదులు, ఆ జాబితాలో మాల్టు ఉందా, ద్రాక్ష స్పిరిట్ ఉందా అని చూసి ముగించండి.

99 రూపాయల క్వార్టర్ సంగతి అందరూ అడుగుతారు. కొత్త విధానంతో పాటు చవకగా దొరకాలని ప్రభుత్వం తెప్పించిన ధర అది. చవక కాబట్టి నీళ్ళపాళ్ళు ఎక్కువనుకుంటే పొరపాటు. దాని లేబుల్ మీద 42.8 అని ఉంటే అందులోనూ 61 గ్రాములే, అంటే గ్రాముకి రూపాయిన్నర పైచిలుకు. ఆ లెక్కన బీరు ఎప్పుడూ ఖరీదే. రోజుకూలీతో బతికేవాడు బీరు మాని క్వార్టర్‌కి పోవడానికి కారణం ఇదే, అందులో వింతేం లేదు. రుచి మాత్రం ఆశించకండి. నీళ్ళు బాగా కలిపి నిదానంగా తాగాల్సిన సరుకు, ఆకలి కడుపుతో అసలు ముట్టకూడదు.

రమ్ముది వేరే దారి. చెరకు నుంచి వచ్చేదే కాబట్టి మన దేశంలో చవకలో కూడా తన గుణం నిలుపుకునేది అదొక్కటే అని నా అభిప్రాయం. 1954 నుంచి వస్తున్న ఓల్డ్ మంక్‌కి ఇప్పటికీ అభిమానులు ఉన్నారంటే ఊరికే కాదు. కాకపోతే దాన్ని కోలాలో కలుపుతారు. ఆ తీపికి ఎంత పోతోందో తెలియదు, షుగర్ ఉన్నవాళ్ళకి రెండువిధాలా దెబ్బ.

ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలనుకుంటే స్కాచ్ దగ్గర ఒక సంగతి గమనించండి. స్కాట్లండ్‌లోనే సీసాలో నింపి వచ్చేవి కొన్ని, అక్కడి నుంచి పీపాల్లో తెచ్చి ఇక్కడ నింపేవి కొన్ని. లేబుల్ మీద రెండూ స్కాచ్ అనే అంటాయి, రెండూ కనీసం మూడేళ్ళు పీపాలో ఉన్నవే. రెండోది తక్కువలో వస్తుంది. మామగారికో, రిటైరవుతున్న ఆఫీసరుకో ఇవ్వాల్సినప్పుడు అదేమీ చిన్నతనం కాదు.

## వైన్: అసలు అడిగేవాళ్ళే తక్కువ

బోర్డు మీద వైన్స్ అని ఉన్నా లోపల వైన్ సీసాలు మహా అయితే ఒక అర. ఎప్పుడు తెచ్చారో తెలియదు, ట్యూబులైటు కింద నిలువుగా నిలబెట్టి దుమ్ముపట్టి ఉంటాయి. కార్కు ఎండిపోయి గాలి పోతుంది. అందుకే మన ఊళ్ళలో కొనేటప్పుడు మరమూత ఉన్నదే తీసుకోండి. కార్కుదే కావాలంటే మెడ దగ్గర వేలు పెట్టి తడమండి. జిగటగా ఉన్నా, కార్కు పైకి లేచినట్టు కనిపించినా అది వేడికి పొంగి కారిందే, వద్దనండి. నాసిక్ నుంచి వచ్చే సులా, కర్ణాటక నంది కొండల దగ్గరి గ్రోవర్ లాంటివి కాస్త పెద్ద షాపుల్లో దొరుకుతాయి. తియ్యగా ఉండి చవకలో వచ్చే పోర్ట్ వైన్ అన్నిచోట్లా ఉంటుంది. తీపి మాటున దాని శాతం కనపడదు, అది మామూలు వైన్ కన్నా ఎక్కువే ఉండొచ్చు.

మన తిండితో ఏది పోతుందంటే, నెల్లూరు చేపల పులుసుతో ఎర్రవైన్ తాగి చూడండి, కారం రెండింతలై నాలుక మండుతుంది. ఎర్రవైన్‌లో వగరు ఉంటుంది, మన చింతపండు పులుపూ మిరపకారమూ దానికి పడవు. కొద్దిగా తీపి ఉన్న తెల్లవైన్, షెనిన్ బ్లాంక్ లాంటిది, బాగా చల్లబరిచి తాగితే పులుసుకి సరిగ్గా ఉంటుంది. ఎర్రది మాంసం వేపుడుకి ఉంచుకోండి, అదీ కారం తగ్గించి చేసినప్పుడు. తెరిచిన సీసాకి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఇంట్లో ఇద్దరే, వారానికోసారి ఒక గ్లాసు చాలనుకునేవాళ్ళకి ఇది మంచి ఎంపిక. పదిమంది స్నేహితుల పార్టీకి మాత్రం కాదు, సగంమంది మొహాలు మాడ్చుకుంటారు.

వోడ్కా, జిన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. శాతం బ్రాందీదే, వాసన తక్కువ. వాసన రాదని తాగి బండెక్కేవాళ్ళకి ఒక మాట: పోలీసుల యంత్రం వాసన చూడదు, ఊపిరిలో ఆల్కహాల్ కొలుస్తుంది. బ్రీజర్లు జ్యూసు కావు, రెండు సీసాలంటే మామూలు బీరుకి దగ్గర్లో ఉన్నట్టే.

ఇక తాటికల్లు. తీరం వెంబడి తాళ్ళు ఉన్న ఊళ్ళలో సీజనులో తెల్లవారుజామున చెట్టు మీద నుంచి దించినదైతే తియ్యగా, తేలికగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, ఆల్కహాల్ పెరుగుతుంది. గీసేవాణ్ణి ఎరిగి ఉంటే బీరు కన్నా అదే నయమంటాను. ఎరగని దుకాణంలో డ్రమ్ములోంచి పోసేది మాత్రం వద్దు, కల్లులో మత్తుమందులు కలిపిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

## సైజే అసలు నిర్ణయం

మనిషి తన దాహాన్ని బట్టి తాగడు, సీసాని బట్టి తాగుతాడు. ఫుల్లు తెచ్చుకుని రోజుకి రెండు పెగ్గులే అనుకున్నవాళ్ళలో అది వారం ఆగిన ఇళ్ళు ఎన్నున్నాయో మీ చుట్టుపక్కల మీరే చూసుకోండి. మిల్లీలీటరుకి లెక్కేస్తే ఫుల్లు కొంచెం చవక పడొచ్చు. కానీ ఆ మిగులు రెండోరోజుకే తాగేస్తాం. ఒంటరిగా తాగేవాడికి నా సలహా నిప్ సీసా. అది అన్ని బ్రాండ్లలో ఉండదు, అడిగితే లోపలినుంచి వెతికి ఇస్తారు. 30 గ్రాములతో ముగిసిపోతుంది, ఇంకోటి కావాలంటే మళ్ళీ చొక్కా వేసుకుని షాపుదాకా పోవాలి. ఆ బద్ధకం మీకు మేలు చేస్తుంది.

నలుగురు కూర్చున్నచోట ఫుల్లే లెక్క. నాలుగు క్వార్టర్లు తెచ్చి తలా ఒకటి చేతిలో పెడితే ఎవరి సీసా వాళ్ళు పూర్తి చేయాల్సిందే అన్నట్టు తయారవుతుంది, వద్దనేవాడు కూడా మొహమాటానికి ముగిస్తాడు. ఒక్క ఫుల్లు మధ్యలో పెట్టుకుంటే ఒకడు ఒక పెగ్గుతో ఆగినా ఎవరికీ తెలియదు. ఇంట్లో అయితే గ్లాసులో అంచనాగా పోయకండి, 30 మిల్లీలీటర్ల కొలతమూత ఒకటి కొనుక్కోండి. చేత్తో పోసే పెగ్గు ఎప్పుడూ అరవైకి పైనే పోతుంది.

## ఎక్కడ కొనాలి

| చోటు | నమ్మకం | ఖర్చు | చిక్కు |
|---|---|---|---|
| లైసెన్సు షాపు | ఎక్కువ | ఎమ్మార్పీ | రద్దీ, పదింటికి మూత |
| బార్ | సీలు ముందే తీయిస్తే ఎక్కువ | షాపు కన్నా ఎక్కువ | కొలత, తిరుగు ప్రయాణం |
| ఊళ్ళో బెల్టు షాపు | లేదు | ఎమ్మార్పీ మీద అదనం | చట్టవిరుద్ధం |
| విమానాశ్రయం డ్యూటీ ఫ్రీ | ఎక్కువ | విదేశీ సరుకుకి తక్కువ | రెండు లీటర్లకి మించకూడదు |
| పక్క రాష్ట్రం నుంచి తేవడం | సీసాని బట్టి | తక్కువ అనిపిస్తుంది | దారిలో తనిఖీ |
| నాటుసారా | సున్నా | తక్కువ | ప్రాణం |

లైసెన్సు షాపులో కూడా చూసుకోవాల్సింది ఉంది. మూత మీదుగా అతికించిన ఎక్సైజ్ హోలోగ్రాం లేబుల్ ఎక్కడా చిరగకుండా, మూత రింగు తెగకుండా ఉండాలి. 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక ప్రభుత్వం ఎక్సైజ్ సురక్ష అనే యాప్ తెచ్చింది. సీసా మీద క్యూఆర్ కోడ్‌ని దాంతో స్కాన్ చేస్తే అది అసలుదో కాదో, బ్రాండు, బ్యాచ్ ఏదో చూపిస్తుంది. తెరలో కనిపించే బ్రాండు, సైజు, చేతిలో ఉన్న సీసాతో సరిపోవాలి. కోడ్ పలికినంత మాత్రాన చాలదు, ఎందుకంటే ఖాళీ సీసా మీది పాత లేబుల్ కూడా పలకొచ్చు. అందుకే తాగాక సీసా పారేసేటప్పుడు లేబుల్ చించేయండి, చెత్త ఏరుకునేవాళ్ళ చేతుల్లోంచి అది ఎక్కడికి పోతుందో తెలియదు. ఆ తర్వాత సీసాని తలకిందులు చేసి వెలుతురులో పట్టుకోండి. మూత దగ్గర ఒక్క చుక్క చెమ్మ కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. పక్కపక్కన పెట్టిన రెండు సీసాల్లో మందు ఎత్తు తేడాగా ఉంటే రెండూ వద్దు.

ఎమ్మార్పీ మీద అయిదో పదో అదనంగా అడిగితే, ఫోన్‌పే చేసేటప్పుడు సరిగ్గా ఎమ్మార్పీ అంకే కొట్టండి. నోట్లు ఇచ్చి చిల్లర కోసం కొట్లాడే కన్నా ఇది సుఖం. ఇంటికే తెచ్చిస్తామని ఆన్‌లైన్‌లో షాపు పేరుతో ఫోన్ నంబరు కనిపిస్తే నమ్మకండి. మన రాష్ట్రంలో ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటు లేదు, అడ్వాన్సు పంపితే డబ్బు పోవడమే.

హైవే మీద పోతూ కొందామనుకునేవాళ్ళకి: జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపు మద్యం షాపు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పిచ్చింది. ఇరవై వేల లోపు జనాభా ఉన్నచోట తర్వాత దాన్ని 220 మీటర్లు చేసింది, మున్సిపాలిటీలకి మినహాయించింది. అందుకే ఊళ్ళ మధ్య 16వ నంబరు హైవే పక్కన కనపడని షాపు, బాణం గుర్తు పట్టుకుని లోపలికి పోతే కనపడుతుంది. కారు తోలుతూ ఆ బాణం వెంట పోవాల్సిన అవసరం ఏముందో మీరే ఆలోచించుకోండి.

బార్‌కి పోవడంలో లాభం ఏసీ, కూర్చోవడానికి చోటు, నంజుకోవడానికి వేడివేడిగా ఏదో ఒకటి. పెగ్గుల్లో చెబితే కొలత వాళ్ళ చేతిలో ఉంటుంది. క్వార్టర్ సీసానే తెమ్మని టేబుల్ దగ్గర సీలు తీయించుకోండి. ఆడవాళ్ళు కొనుక్కోవాలంటే సాయంత్రం కౌంటర్ రద్దీలో నిలబడటం నరకం. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు మధ్యలో పోతే షాపు ఖాళీగా ఉంటుంది, తీరిగ్గా లేబుల్ చదువుకోవచ్చు, సతాయించేవాళ్ళూ ఉండరు. ఆ మాటకొస్తే మగవాళ్ళకీ అదే మంచి వేళ.

బెల్టు షాపు సంగతికొస్తే, ఊళ్ళో చిల్లర అంగట్లో సబ్బుల పెట్టె వెనక నాలుగు క్వార్టర్లు దాచి అమ్మడం ఇప్పటికీ పోలేదు. పోయి రావడానికి పెట్రోలు ఖర్చయ్యే కన్నా ఇరవై ఎక్కువిచ్చి ఇక్కడే కొందామని వాదిస్తారు. షాపువాడు బెల్టు షాపు నడిపిస్తే మొదటిసారి అయిదు లక్షలు జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రభుత్వం చెప్పింది. జరిమానా సంగతి అలా ఉంచి, సీలు ఎవరు ఎప్పుడు తీశారో చెప్పలేని చోటు అది. అర్ధరాత్రి కూడా తలుపు తడితే దొరుకుతుంది కాబట్టే ఇళ్ళు కూలతాయి. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో రోశమ్మ ముందుండగా ఆడవాళ్ళు సారాని ఊళ్ళోకి రానిచ్చేది లేదని తిరగబడింది నెల్లూరు జిల్లాలోనే. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళంతా. ఆ కదలికే రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా పోయింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. మందు షాపు ఊరికి ఎంత దూరంలో ఉండాలో తేల్చే హక్కు తాగేవాళ్ళ కన్నా ఇంట్లో ఉన్నవాళ్ళకే ఎక్కువని నేననుకుంటాను.

నాటుసారాని అసలు ఎంపికల జాబితాలో పెట్టకూడదు, అయినా పెట్టాను, ఎందుకంటే డబ్బు లేనప్పుడో షాపు మూసినప్పుడో మనిషి దానివైపు పోతాడు. 2020 జులై చివర్లో కరోనా కట్టడితో షాపులు మూసినప్పుడు ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన సరుకు తాగినవాడికి మొదట మామూలు మత్తే వస్తుంది. సగం రోజు గడిచాక కళ్ళు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. అప్పుడు పడుకోబెట్టి మజ్జిగ పట్టించకండి, పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఏం తాగాడో దాచకుండా చెప్పండి, డయాలసిస్ దాకా అవసరం పడొచ్చు. రోజూ తాగే అలవాటున్నవాడికి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, మూర్ఛలు రావడం కూడా ఉంటుంది. అలాంటివాళ్ళు షాపు మూసేస్తే ఏదో ఒకటి తాగేయకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. మాన్పించడానికి సాయం కావాలంటే 14446కి ఫోన్ చేయొచ్చు.

తడ దాటి తమిళనాడు నుంచో, పుదుచ్చేరి నుంచో తెచ్చే సరుకు మీద మన రాష్ట్రం లేబుల్ ఉండదు. దారిలో ఆపితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. రెండు వందలు మిగిలితే మిగలనీ, కేసు మీద పడితే అంతకి పదింతలు. చెన్నై విమానాశ్రయంలో దిగే బంధువు డ్యూటీ ఫ్రీలో కొన్నదైతే బిల్లు సీసాతోనే ఉంచమనండి.

## మీరు ఏ రకం వాళ్ళు

శనివారం సాయంత్రం ఒంటరిగా ఒకటి తాగి పడుకునేవాళ్ళకి నిప్, లేదా ఒక మామూలు బీరు. అంతే. మైపాడుకో కొత్తపట్నానికో బీచికి పోయే కుర్రాళ్ళకి అసలు ప్రశ్న ఏది కొనాలని కాదు, బండి ఎవరు తోలాలని. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. అరవై అయిదు కేజీల మనిషి ఒక్క మామూలు బీరు తాగినా దాన్ని దాటే అవకాశం ఉంది. మొదటిసారి దొరికితే పదివేల దాకా జరిమానా, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. ఒకడు తాగకుండా ఉండాలి, వాడికి తిండి ఖర్చు మిగతావాళ్ళు పెట్టుకోవాలి. సముద్రంలోకి దిగేది తాగకముందే.

ఇంట్లో శుభకార్యానికి నలభైమందికి పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఎక్సైజ్ శాఖ నుంచి ఒకరోజు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. సరుకు ఒకే షాపులో కొని బిల్లు తీసుకోండి. సగం బీరు, సగం ఫుల్లు సీసాలు అనేది మామూలు లెక్క, కానీ వేసవి పెళ్ళిళ్ళలో బీరు పాలు పెంచండి, తాగే నీళ్ళు దానికి రెట్టింపు పెట్టండి. మన ఎండలో తాగినవాడు పడిపోవడానికి మత్తే కాదు, ఒంట్లో నీళ్ళు లేకపోవడమూ కారణం కావచ్చు.

షుగర్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, కాలేయం దెబ్బతిన్నవాళ్ళు ఏ ఎంపికకీ పోవద్దు. పన్ను నొప్పికో విరేచనాలకో మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నవాళ్ళు అది పూర్తయి మూడు రోజులు గడిచేదాకా ముట్టకండి. గర్భిణులకి ఒక్క గుక్క కూడా వద్దు.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో షాపులు ఉండవు. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలూ మూతే. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి కౌంటర్ ముందు తోసుకునే జనంలో లేబుల్ చదవడం, యాప్‌తో స్కాన్ చేయడం కుదిరేపని కాదు. కొనాలనుకుంటే మధ్యాహ్నమే వెళ్ళి రండి.